తుపాకి హక్కు కోసం కోర్టుకు వెళ్ళే ముందు: మేనల్లుడికి మామయ్య లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వర్జీనియాలోని మీ కల్పెపర్ పొలంలో నీ మేకపిల్లలను కొయోటీలు (తోడేళ్ళ జాతి జంతువులు) ఎత్తుకుపోతున్నాయని, నీ పౌరహక్కులు పునరుద్ధరిస్తూ గవర్నరు ఉత్తర్వు వచ్చిందని, ఇక తుపాకి హక్కు కూడా తిరిగి ఇమ్మని సర్క్యూట్ కోర్టులో పిటిషన్ వేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇరవై ఏళ్ళ వయసులో చేసిన తెలివితక్కువ పనికి తల వంచి, ప్రొబేషన్ ముగించి, చదువు పూర్తిచేసి, ఇల్లూ పొలమూ సంపాదించుకున్న నువ్వు, పోయిన హక్కును దొడ్డిదారిన కాకుండా న్యాయస్థానం మెట్లెక్కి అడగాలనుకోవడం నాకు నిజంగా గర్వంగా ఉంది. అయితే మీ అమ్మ అదే ఫోనులో మరో రెండు సంగతులు కూడా చెప్పింది. వచ్చే శనివారం నీ ఆఫీసు మిత్రుడు నిన్ను షూటింగ్ రేంజికి తీసుకువెళ్తానన్నాడట. కోర్టు పని తేలేదాకా నీ భార్య, ఆ అమ్మాయి పేరు మీద ఒక షాట్‌గన్ కొని ఇంట్లో ఉంచుదామని కూడా మీరిద్దరూ అనుకుంటున్నారట. ఆ రెండు మాటలూ విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

రేంజికి వెళ్ళవద్దు. అద్దెకు తీసుకున్నదైనా, మిత్రుడిదైనా, అరగంట సేపైనా సరే, నిషేధం ఉన్నవాడి చేతిలో తుపాకి ఉంటే అది నేరమే. ఫెడరల్ చట్టంలో, అంటే అమెరికా కేంద్ర చట్టంలో, దానికి గరిష్ఠ శిక్ష పదేళ్ళుండేది, 2022లో పదిహేనేళ్ళకు పెంచారు. తూటాలకూ అదే నిషేధం వర్తిస్తుంది. పొలంతో పాటు వచ్చిన పాత షెడ్డులో, సొరుగుల్లో పూర్వపు యజమాని వదిలేసిన తూటాల డబ్బాలు ఏమైనా ఉన్నాయేమో చూడమని అమ్మాయికి చెప్పు. ఉంటే నువ్వు ముట్టుకోకుండా వాటిని బయటికి పంపించే ఏర్పాటు ఆమెనే చేయమను.

ఇక అమ్మాయి పేరు మీద కొనే సంగతి. ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే ఇందులో నువ్వొక్కడివే కాదు, ఆ పిల్ల కూడా చిక్కుకుంటుంది. తుపాకుల డీలరు దగ్గర కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో మొదటి ప్రశ్నల్లోనే, ఈ తుపాకి అసలు కొనుగోలుదారు నువ్వేనా అని అడుగుతారు. మన వర్జీనియాకే చెందిన అబ్రామ్‌స్కీ అనే మాజీ పోలీసు, తనకు తగ్గింపు ధర వస్తుందని పెన్సిల్వేనియాలో ఉన్న తన అంకుల్ కోసం ఒక గ్లాక్ హ్యాండ్‌గన్ కొని, ఆ ప్రశ్నకు అవునని రాశాడు. ఆ పెద్దాయనకు తుపాకి ఉంచుకునే అర్హత పూర్తిగా ఉంది. అయినా 2014లో సుప్రీంకోర్టు అబ్రామ్‌స్కీకి పడిన శిక్షను ఖాయం చేసింది. అర్హత ఉన్నవాడి కోసం కొంటేనే అంత దూరం పోయిన వ్యవహారం, నిషేధం ఉన్న భర్త కోసం కొంటే ఎక్కడికి పోతుందో ఆలోచించు. అమ్మాయి నిజంగా తన కోసమే కొనుక్కున్నా, నీ చేతికి అందే చోట ఉంటే అది నీ దగ్గర ఉన్నట్టే లెక్క కట్టగలరు. కోర్టు ఉత్తర్వు చేతికి వచ్చేదాకా ఆ ఇంట్లోకి తుపాకి రాకూడదు. మేకలకు గట్టి కంచె వేయించు, కాపలాకు రెండు పెద్ద కుక్కలను తెచ్చుకో, ఖర్చు నేనిస్తాను.

నీకు ఈ నిషేధం ఎలా అంటుకుందో కూడా సరిగా తెలుసుకోవాలి, ఎందుకంటే జడ్జి ముందు నువ్వే చెప్పుకోవాలి. నీ కేసు 2013 నాటిది. అప్పట్లో వర్జీనియాలో 200 డాలర్ల వస్తువు దొంగిలిస్తే చాలు, అది గ్రాండ్ లార్సెనీ (పెద్ద దొంగతనం), అంటే ఫెలనీ, తీవ్రమైన నేరం. 1980 నుంచి కదలకుండా ఉన్న ఆ హద్దును 2018లో 500కు, 2020లో 1000 డాలర్లకు పెంచారు. నువ్వూ నీ స్నేహితులూ ఆ రోజు దుకాణం నుంచి పట్టుకొచ్చిన 230 డాలర్ల హెడ్‌ఫోన్లకు ఈనాడైతే మిస్డిమీనర్, అంటే చిన్న నేరం కేసే పెట్టేవారు. కానీ హద్దు మారినంత మాత్రాన పాత తీర్పు మారదు. జైలుకు వెళ్ళలేదు కదా, శిక్ష సస్పెండ్ చేశారు కదా అని నువ్వు మీ అమ్మతో అన్నావట. 1968 నాటి ఫెడరల్ చట్టం చూసేది నీకు పడిన శిక్షను కాదు, ఆ నేరానికి పడగల శిక్షను. ఏడాదికి మించిన జైలు వేయదగిన నేరమైతే, ఒక్క రోజు లోపల ఉండకపోయినా తుపాకి హక్కు పోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను దుకాణం నడిపిన రోజుల్లో మా ఊరికి గంట దూరంలో గ్యాస్ స్టేషన్ (పెట్రోలు బంకు) నడిపిన మన తెలుగు మిత్రుడు ఒకాయన ఉండేవాడు. వ్యాపారం దెబ్బతిన్న రోజుల్లో చెల్లని చెక్కులు ఇచ్చి, రాష్ట్ర కోర్టులో ఫెలనీ తీర్పు తెచ్చుకున్నాడు. అందరి బాకీలూ తీర్చాడు, ఏళ్ళ తరబడి మచ్చ లేకుండా బతికాడు. చివరికి గవర్నరు నుంచి హక్కుల పునరుద్ధరణ ఉత్తర్వు వచ్చింది, నీకు వచ్చినట్టే. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి, సత్యనారాయణ వ్రతం చేసుకుని, మా అందరినీ భోజనానికి పిలిచాడు. భోజనాల ముందు ఆ కాగితం తీసి గట్టిగా చదివాడు: ఓటు వేసే హక్కు, ఎన్నికల్లో నిలబడే హక్కు, జ్యూరీలో కూర్చునే హక్కు, నోటరీగా పనిచేసే హక్కు. అంతవరకు చదివి గొంతు పూడుకుపోయి ఆగిపోయాడు. వాళ్ళావిడ కళ్ళు తుడుచుకుంది. మేమందరం చప్పట్లు కొట్టాము. ఆయన చదవకుండా వదిలిన ముక్కలో, తుపాకులు రవాణా చేయడం, కలిగి ఉండడం, తీసుకోవడం ఇందులో చేరవని స్పష్టంగా రాసి ఉంది. ఆ కాగితం క్యాష్ కౌంటరు వెనక గోడ మీద, ఆ వాక్యంతో సహా, రోజూ ఆయన కళ్ళ ముందే ఉండేది.

ఆ ఏడాది చలికాలంలో ఆయన దుకాణంలో అర్ధరాత్రి దోపిడీ జరిగింది. మర్నాడే డీలరు దగ్గరకు వెళ్ళి హ్యాండ్‌గన్ అడిగాడు. ఫెలనీ శిక్ష ఎప్పుడైనా పడిందా అన్న ప్రశ్నకు, నా హక్కులన్నీ తిరిగి వచ్చాయి కదా అనుకుని, లేదు అని గుర్తు పెట్టాడు. హక్కులు తిరిగి వచ్చినవాళ్ళు అలా రాయవచ్చని ఫారం వెనక సూచనల్లో ఉన్న మాట నిజమే. కానీ ఆ సూచనలోనే, రాష్ట్రంలో తుపాకి నిషేధం ఇంకా మిగిలి ఉంటే ఆ మినహాయింపు వర్తించదని కూడా ఉంది. డీలరు వివరాలు స్టేట్ పోలీసులకు పంపాడు, కాసేపటికి నిరాకరణ వచ్చింది. ఆయన ఉత్త చేతులతో ఇంటికి వచ్చి, కంప్యూటరు పొరపాటు అయి ఉంటుందని నాతో అన్నాడు. కొన్ని వారాల తర్వాత ఒక డిటెక్టివ్ దుకాణానికి వచ్చాడు. ఈయన దాచిందేమీ లేదని, గోడ మీద ఫ్రేము దింపి మరీ చూపించాడట. డిటెక్టివ్ ఆ చివరి వాక్యం మీద వేలు పెట్టి చదవమన్నాడట.

ఆ ఫారంలో కావాలని అబద్ధం రాస్తే ఫెడరల్ చట్టంలో పదేళ్ళ వరకు శిక్ష ఉంది, వర్జీనియా చట్టంలో అది వేరే ఫెలనీ. కావాలని రాయలేదని నిరూపించుకోవడానికి ఆయనకు ఏడాదికి పైగా పట్టింది. ప్రతి వాయిదాకూ నేను పక్కన కూర్చున్నాను. చివరికి చిన్న నేరానికి ఒప్పుకుని బయటపడ్డాడు, దుకాణంలో సగం వాటా వకీలు ఫీజులకే అమ్మేశాడు. తర్వాత నువ్వు వేయబోయే పిటిషనే ఆయనా వేశాడు. కామన్వెల్త్ అటార్నీ, అంటే ప్రభుత్వ ప్రాసిక్యూటరు, లేచి, ఈయన నిషేధంలో ఉండగానే తుపాకి కొనబోయాడని ఒక్క మాట చెప్పాడు. జడ్జి కొట్టేశారు. ఆయన మంచివాడు, నీకన్నా చదువుకున్నవాడు. వరుస తప్పాడు, అంతే. ముందు కోర్టుకు, తర్వాత డీలరుకు వెళ్ళి ఉంటే ఇదేమీ జరిగేది కాదు. నీ ఉత్తర్వు కాగితం ఇప్పుడే తీసి, చివరి అక్షరం దాకా అమ్మాయి ముందు పైకి చదువు.

మన ఊళ్ళో మీ తాతగారికి డబుల్ బ్యారెల్ తుపాకి ఉండేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని గుడ్డలో చుట్టి పోలీసు స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. నేను వెనక సైకిలు మీద వెళ్ళేవాణ్ణి. అక్కడ తుపాకి ప్రభుత్వం దయతో ఇచ్చే లైసెన్సు. ఇక్కడ 1791 నుంచి రాజ్యాంగంలో ఉన్న హక్కు. అందుకే ఇక్కడ పెరిగిన నీకు అది తేలికగా తిరిగి వస్తుందనిపిస్తుంది. ఆ రసీదును ఆయన ఇనప్పెట్టెలో పొలం దస్తావేజుల పక్కన పెట్టేవారు. నువ్వూ ఈ కేసు కాగితాలను అలాగే చూడు.

పిటిషన్ నువ్వు నివసించే కౌంటీ సర్క్యూట్ కోర్టులోనే వేయాలి. ముందుగా గవర్నరు పౌరహక్కులు తిరిగి ఇచ్చి ఉండాలి, అది నీకు అయింది. తీర్పు ధ్రువీకృత ప్రతి, ప్రొబేషన్ ముగిసినట్టు కాగితం, కోర్టు ఖర్చులూ పరిహారమూ కట్టిన రసీదులు దగ్గర పెట్టుకో. పిటిషన్ ప్రతి ఒకటి కామన్వెల్త్ అటార్నీకి అందాలి. ఇరుపక్షాల్లో ఎవరు కోరినా విచారణ జరుగుతుంది. తగిన కారణం చూపితే ఇవ్వడం జడ్జి విచక్షణ, అంటే ఇవ్వకపోవడం కూడా ఆయన చేతిలోనే ఉంది. నీ కారణం మంచిదే, పశువుల రక్షణ. కొయోటీలు చంపిన మేకల ఫొటోలు, పశువైద్యుడి కాగితాలు పెట్టు. రాజ్యాంగం మీద ఉపన్యాసం ఇవ్వకు. ఆ హెడ్‌ఫోన్ల సంగతి అడిగితే స్నేహితుల మీదకు నెట్టకుండా, దొంగిలించానని చెప్పు.

స్వయంగా వాదించుకుంటానన్నావట, వద్దు. ఒక్క కారణం చెబుతాను. కోర్టు ఇచ్చే ఉత్తర్వు ఏ షరతూ లేకుండా ఉండాలి. రాష్ట్రం ఒక రకం తుపాకి ఇచ్చి మరో రకం నిషేధిస్తే, ఫెడరల్ నిషేధం అన్నిటికీ కొనసాగుతుందని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. పొలానికి షాట్‌గన్ ఒక్కటి చాలు అని నువ్వు వినయంగా అంటే, ఆ వినయమే నీ ఉత్తర్వును పనికిరాకుండా చేయవచ్చు. ఇలాంటిది వకీలుకే తెలుస్తుంది. శిక్ష ఫెడరల్ కోర్టులో పడి ఉంటే రాష్ట్రం చేయగలిగిందేమీ ఉండేది కాదు. అలాంటివాళ్ళు తుపాకి హక్కు తిరిగి ఇమ్మని పెట్టుకునే దరఖాస్తులు చూడడానికి 1992 నుంచి కాంగ్రెస్ నిధులే ఇవ్వలేదు, 2025లోనే న్యాయశాఖ ఆ దారి మళ్ళీ తెరిచే ప్రయత్నం మొదలుపెట్టింది. నీది రాష్ట్ర కేసు కావడం అదృష్టం.

ఉత్తర్వు వచ్చాక నీ వేలిముద్రలతో సహా అది స్టేట్ పోలీసు రికార్డులకు చేరాలి. చేరిందని తేలేదాకా డీలరు దగ్గరకు వెళ్ళకు.

తుపాకి ఇంటికి వచ్చిన రోజు గురించి నాకు వేరే భయాలున్నాయి, చెప్పకుండా ఉండలేను. మీ పాపకు ఆరేళ్ళు. తూటాలు నింపిన తుపాకిని పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు ప్రమాదం కలిగేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే ఇక్కడ అది నేరం. కానీ నేను భయపడేది కేసుకు కాదు. ఈ దేశంలో తుపాకి మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఉద్యోగం పోయిన ఏడాది నువ్వు రెండు నెలలు గది బయటకు రాలేదు, ఫోన్ తీయలేదు, మీ అమ్మ పడ్డ బాధ నేను చూశాను. మళ్ళీ అలాంటి రోజులు వస్తే తాళంచెవి అమ్మాయికి ఇచ్చేస్తానని నాకు మాట ఇవ్వు. పోతే, భార్యాభర్తల గొడవల్లో చేయి చేసుకున్న కేసు మిస్డిమీనరే అయినా 1996 నుంచి ఫెడరల్ నిషేధం పడుతుంది. నీకు కోపం ఎక్కువని నాకు తెలుసు.

మేరీల్యాండ్‌లోని లాన్‌హామ్‌లో శివవిష్ణు ఆలయానికి వెళ్ళినా, వాషింగ్టన్‌లో దిగినా తుపాకి ఇంట్లోనే ఉండాలి. మేరీల్యాండ్‌లో తుపాకి వెంట ఉంచుకునే వర్జీనియా పర్మిట్ చెల్లదు, డీసీలో వాళ్ళ లైసెన్సు లేకుండా వెంట తీసుకెళ్తే మళ్ళీ ఫెలనీయే. రాష్ట్రం మారే ఆలోచన వస్తే, కొత్త రాష్ట్రం నీ ఉత్తర్వును ఎలా చూస్తుందో ముందే వకీలును అడుగు. ఇక్కడి చట్టాలు సాధారణంగా ఏటా జూలై 1న మారుతుంటాయి, ఆ నెలలో ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకో.

వకీలు రాసిన పిటిషన్ దాఖలు చేసే ముందు నాకు ఒక ప్రతి పంపు. ఆ పాత తప్పు తర్వాత నువ్వెలా బతికావో నేను ప్రమాణం చేసి చెప్పగలను, నన్ను సాక్షిగా పెట్టమని ఆయనకు చెప్పు. విచారణ తేదీ తెలియగానే ఫోను చెయ్యి. నేనూ అత్తయ్యా ముందు రోజు సాయంత్రానికే వస్తాము.

ఇట్లు,
మీ మామయ్య