టెక్సస్ వేట లైసెన్సు: ముందు ఆరు నెలల కాగితాలు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

న్యూజెర్సీ నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకు వచ్చి మూడు నెలలైనా నిండకుండానే, నవంబరులో ఆఫీసు మిత్రులతో జింకల వేటకు వెళ్లడానికి స్థానికుల లైసెన్సు తీసుకోవచ్చా అని అడిగావు. ఇప్పుడే తీసుకోకూడదు. లైసెన్సు కొనే నాటికి ఆరు నెలలకు పైగా ఎడతెగకుండా ఈ రాష్ట్రంలో నివసించినవారినే టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ స్థానికులుగా లెక్కిస్తుంది. వారికి వేట లైసెన్సు 25 డాలర్లు, బయటివారికి 315. ఈ తేడా అన్యాయమని కోర్టుకెక్కినవారూ ఉన్నారు గాని, మోంటానా రాష్ట్రం ఎల్క్ అనే పెద్ద జింకల వేటకు బయటివారి దగ్గర ఎక్కువ తీసుకునే రుసుముపై 1978లో సుప్రీంకోర్టు రాష్ట్రం పక్షానే తీర్పు చెప్పింది. టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు చేతికి వచ్చింది కదా అని ధీమా పడకు. ఆరు నెలలు నిండకముందే వచ్చే ఆ కార్డు నీ చిరునామా చెబుతుందే గాని, ఎన్నాళ్లుగా ఇక్కడ ఉంటున్నావో చెప్పదు.

నివాసానికి రుజువుగా శాఖ పేర్కొన్న పత్రాలలో మూడు ఉండాలి. సొంత ఇంటి హోమ్‌స్టెడ్ పన్ను పత్రం అద్దెకుండే నీకు రాదు. నిరుడు ఫెడరల్ పన్నుల శాఖకు (ఐఆర్ఎస్) దాఖలు చేసిన రిటర్నులో న్యూజెర్సీ చిరునామాయే ఉంది. ఓటరు నమోదు పత్రం జోలికి మాత్రం పొరపాటున కూడా పోవద్దు. హెచ్‌1బి వీసా మీద ఉన్నవాడు ఓటరుగా నమోదైతే వేట సంగతి అటుంచి, ఈ దేశంలో ఉండటానికే ముప్పు వస్తుంది. ఇక నీకు మిగిలేవి గడచిన ఆరు నెలల కరెంటు, నీళ్ల బిల్లులు, ఆరు నెలల జీతం చీటీలైన పే స్టబ్‌లు, కారు రిజిస్ట్రేషను. మన కుర్రాళ్లు నలుగురు కలిసి అద్దెకున్నచోట కరెంటు కనెక్షను ఒక్కడి పేరునే ఉంటుంది కనుక, కనీసం ఒక బిల్లయినా ఈ నెలనుంచే నీ పేరుకు మార్పించుకో. పే స్టబ్‌పై ఇంటిపేరు పూర్తిగానూ, బిల్లుపై ఒట్టి పొడి అక్షరంగానూ ఉంటే అదొక తలనొప్పి. అన్నింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్లే రాయించు.

290 డాలర్ల కోసం అబద్ధమాడితే నీ విషయంలో మరో చిక్కుంది. నీలాంటి వీసాదారులు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్నే ఫెడరల్ చట్టం నిషేధించింది. చట్టబద్ధంగా జారీ అయిన వేట లైసెన్సు ఉన్నవారికి ఇచ్చిన మినహాయింపే నీకు ఆధారం. దొంగ నివాసంతో తెచ్చుకున్న లైసెన్సు చట్టబద్ధమేనని రేపు ఎవరి ముందు వాదిస్తావు?

అంతగా ఆగలేకపోతే 315 డాలర్లూ కట్టి వెళ్లు. బయటివారికి అయిదు రోజుల లైసెన్సు చవకే గాని, అది తెల్లతోక జింకకు పనికిరాదు. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ తప్పనిసరి కాబట్టి ఆ కోర్సు ఈలోగా పూర్తిచేసుకో. చేపలు పట్టే సరదా ఉంటే స్టేట్ పార్కుల లోపల, గట్టు మీద నుంచి గాలం వేయడానికి ఫిషింగ్ లైసెన్సే అక్కరలేదు. అక్కడ నువ్వు ఏ రాష్ట్రంవాడివని ఎవరూ అడగరు.