జీతంలో 20% వదులుకొని వారానికి ఒక రోజు తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 36. ఒక సంస్థలో చిన్న బృందానికి బాధ్యురాలిని. వారానికి ఐదు రోజులకు బదులు నాలుగు రోజులు, అంటే 40 గంటలకు బదులు 32 గంటలు పనిచేసే వెసులుబాటును మా సంస్థ ఇస్తోంది. అందుకు జీతం 20% తగ్గుతుంది. పిల్లలిద్దరూ చిన్నవాళ్లు, గృహరుణం ఇంకా 15 ఏళ్లు ఉంది. చిన్నది నిద్రపోయాక రాత్రి తొమ్మిదింటికి మళ్లీ ల్యాప్‌టాప్ తెరవడం అలవాటైపోయింది. అన్నీ కలిపితే వారానికి 46 గంటలు అవుతోంది. ఓ అయిదేళ్లపాటు శుక్రవారాలు ఇంట్లో ఉండాలని ఉంది. మా ఇంటి లెక్క ఇందుకు తట్టుకుంటుందా?

జవాబు: తట్టుకుంటుంది. అయితే ఒప్పందం అయిదేళ్లకు కాకుండా ముందు రెండేళ్లకు చేసుకోమని, సంతకం పెట్టే ముందు మీ రాత్రి తొమ్మిది గంటల అలవాటు సంగతి తేల్చుకోమని నా సలహా.

మీరు పంపిన వివరాల ప్రకారం ఇంటికి వచ్చే ప్రతి 100లో 45 మీ సంపాదన, 55 మీ భర్తది. అందులో రుణ వాయిదా 27, ఇంటి ఖర్చు 34, పిల్లలకు 12, బీమా ప్రీమియాలకు 4 పోగా 23 మిగులుతోంది. జీతం 20% తగ్గినంత మాత్రాన చేతికి వచ్చేది కూడా అంతే తగ్గదు. ఆదాయం పెరిగేకొద్దీ పన్ను రేటు పెరిగే విధానంలో, కోత పడేది ఎక్కువ పన్ను కడుతున్న పై భాగం మీద కాబట్టి, చేతికి వచ్చే మొత్తం సుమారు 18% తగ్గుతుందని అనుకుందాం. అది మీ 45లో 8. ఒక రోజు ప్రయాణం, ఆ రోజు పిల్లల సంరక్షణకు కట్టే రుసుము కలిసి 2 వరకు ఆదా అవుతుంది. కాబట్టి నెలవారీ మిగులు 23 నుంచి 17కు దిగుతుంది. వాయిదాలకు ఢోకా లేదు.

జీతపు చీటీలో వెంటనే కంటబడని నష్టం వేరే ఉంది. పదవీ విరమణ నిధికి మీరూ, సంస్థా జమ చేసే మొత్తాలు జీతంలో శాతంగా ఉంటే అవీ 20% తగ్గుతాయి. ఏటా 1 చొప్పున అయిదేళ్లు జమ చేసి, 8% రాబడితో మరో 20 ఏళ్లు కదపకుండా ఉంచితే అది సుమారు 27 అవుతుంది. ధరలు ఏటా 5% పెరుగుతాయనుకుంటే దాని నేటి విలువ 8. అంటే ఇప్పుడు మానేసే ప్రతి 5కు మీ అరవైల్లో నేటి విలువలో 8 తగ్గుతుందన్నమాట. రెండేళ్లే మానేస్తే ఆ 27 కాస్తా 12 దగ్గర ఆగుతుంది. నేను రెండేళ్లన్నది ఇందుకే. సంస్థ ఇచ్చే జీవిత బీమా జీతానికి ఇన్ని రెట్లు అన్న లెక్కలో ఉంటే ఆ రక్షణా తగ్గుతుంది కనుక, రుణం తీరేదాకా సరిపోయేలా సొంత పాలసీని ముందే పెంచుకోండి. కొత్త అప్పు తీసుకునే ఆలోచన ఉంటే బ్యాంకు చూసేది తగ్గిన జీతాన్నే అన్నదీ గుర్తుంచుకోండి.

ఇక గంటల సంగతి. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే. కాగితం మీద 100 జీతానికి 40 గంటలు, 80 జీతానికి 32 గంటలు; గంటకు 2.5 చొప్పున రెండూ సమానమే. కానీ మీరు నిజంగా పనిచేస్తున్నది 46 గంటలు కాబట్టి ఇప్పటికే గంటకు 2.17 మాత్రమే పడుతోంది. కొత్త ఏర్పాటులో ఈ పాటి విలువైనా నిలవాలంటే మీ వారం 37 గంటలు దాటకూడదు. రాత్రి పని అలాగే కొనసాగి 42 గంటలయిందా, గంట విలువ 1.9కి పడిపోతుంది, అప్పుడు మీరు కొనుక్కున్నది సెలవు రోజు కాదు, జీతం లేని పని. నాలుగు రోజుల వారానికి మారిన వారిలో, అయిదో రోజు పిల్లవాణ్ణి దంతవైద్యుడి దగ్గర కూర్చోబెట్టుకొని ఫోన్లో సమావేశానికి హాజరయ్యే వాళ్లను నేను చాలామందినే చూశాను.

అందువల్ల జీతం వదులుకోకుండా దొరికేదేమిటో ముందు అడగండి. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసే పద్ధతి మీద చైనాలోని ట్రిప్.కామ్ సంస్థలో 1,600 మందికి పైగా ఉద్యోగులతో జరిపిన ప్రయోగం 2024లో నేచర్ పత్రికలో వెలువడింది. అందులో ఉద్యోగం మానేసేవారి సంఖ్య మూడో వంతు తగ్గింది, పనితీరు మాత్రం దెబ్బతినలేదు. మీ పై అధికారితో మాట్లాడేటప్పుడు ఇది పనికొస్తుంది. 40 గంటలనూ నాలుగు రోజుల్లో పూర్తి చేసే పద్ధతిలోనూ జీతం తగ్గదు. బెల్జియం 2022లో దీనికి చట్టబద్ధత కల్పించింది. అయితే రోజుకు పది గంటలంటే చిన్నపిల్లలున్న ఇంట్లో మిగతా నాలుగు సాయంత్రాలూ పోయినట్టే. మీకు దీన్ని సిఫారసు చేయను.

చివరికి నాలుగు రోజులకే మొగ్గితే, ముందు మూడు నెలలు జీతం పడిన రోజునే ఇంటికి వచ్చే ప్రతి 100లో 6ను వేరే ఖాతాకు మళ్లించి మిగిలిన దాంతో ఇల్లు నడపండి. నెల మూడో వారంలో ఆ ఖాతాలోంచి తీయవలసి వస్తే ఇంటి ఖర్చు 34 అన్న అంచనా తప్పన్నమాట. తీయవలసి రాకపోతే ఆ మొత్తం మీ అత్యవసర నిధికి కలుస్తుంది. ఒప్పందంలో మూడు మాటలు రాతపూర్వకంగా ఉండాలి: రెండేళ్ల తర్వాత పూర్తి సమయానికి తిరిగి రాగల హక్కు, ఈలోగా వచ్చే పెంపుదలలను పూర్తి జీతం మీద లెక్కకట్టడం, పనిభారంలో ఐదో వంతు ఎవరికి వెళుతుందో పేరుతో సహా. మూడోది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. అసలు కీలకం అదే. పాక్షిక సమయ ఉద్యోగులకు ఆ కారణంగా గంటకు పడే మూల వేతనం తగ్గకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1994 నాటి 175వ ఒడంబడిక చెబుతోంది. మీ దేశం దాన్ని ఆమోదించినా ఆమోదించకపోయినా అది అడగదగిన మాటే.

మరొక్క విషయం. మీ బృందం వారాంతపు నివేదిక పంపేది శుక్రవారమేనని మీరు పంపిన వివరాల్లో రాశారు. ఆ రోజు సెలవు పెడితే నివేదిక మీ గురువారం రాత్రినో, శనివారం ఉదయాన్నో తినేస్తుంది. శుక్రవారానికి బదులు బుధవారం సెలవు కావాలని అడగండి.