ప్రేమ జంటలు, అమ్మానాన్నల రహస్యాలు: ‘ప్రెట్టీ లిటిల్ లయర్స్’ మీద మీ ప్రశ్నలు

(ఈ అమెరికన్ టీవీ సిరీస్ ఇంకా చూస్తున్నవాళ్లు ఈ పేజీ తర్వాత చదువుకోండి, ముగింపు దాకా అన్నీ ఇందులో ఉన్నాయి.)

ప్ర: ఏడు సీజన్లూ పూర్తి చేశాను. ఆరియా, ఎజ్రాల పెళ్లి చూసి ఏడ్చేశాను. మా అక్కేమో ‘స్టూడెంట్‌తో టీచర్ నడిపినదాన్ని ప్రేమంటావా’ అని కోప్పడుతోంది. మీరు ఎవరి పక్షం?

జ: మీ అక్క పక్షమే. మీకు ఏడుపు రావడంలో తప్పేం లేదు, 2010 జూన్ నుంచి 2017 జూన్ దాకా ఏడేళ్లపాటు ఆ జంటను మనకు అంత ముద్దుగా చూపించారు మరి. ఆ పాటలూ ఆ ముద్దులూ పక్కనపెట్టి జరిగింది మాత్రం చూడండి. హైస్కూల్ పిల్ల ఒక బార్‌లో ఒకతన్ని కలుస్తుంది, తర్వాత అతనే క్లాసులో ఇంగ్లిష్ టీచర్‌గా ఎదురవుతాడు, అయినా ఇద్దరూ ఆపరు. ‘పాపం, ముందు తెలియదు కదా’ అని మనం సర్దిచెప్పుకున్నాం. నాలుగో సీజన్‌కి వచ్చేసరికి అదీ పోయింది. ఆరియా స్నేహితురాలు అలిసన్ మాయమవడం మీద అతను పుస్తకం రాస్తున్నాడు, ఆరియా ఎవరో అతనికి మొదట్నుంచీ తెలుసు. అంత పెద్ద నిజం బయటపెట్టి, చివరికి అదే మనిషితో పెళ్లి జరిపించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అయితే ఆరియా అంత సులువుగా ఆ రహస్యాన్ని ఎలా మోసిందో చూడాలంటే ఆమె ఇంట్లోకి వెళ్లాలి. తండ్రి బైరన్ కాలేజీ ప్రొఫెసర్. మెరెడిత్ అనే విద్యార్థినితో అతనికి సంబంధం ఉందని ఆరియా కళ్లారా చూసింది. అమ్మకు చెప్పొద్దని తండ్రే కూతుర్ని అడిగాడు, ఆ తర్వాత కుటుంబమంతా ఒక ఏడాది ఐస్‌లాండ్ వెళ్లిపోయింది. అంటే ఇంట్లో ఏమీ జరగనట్టు నటించడం ఆ పిల్లకు నేర్పింది సొంత తండ్రే! అందుకే ‘మన విషయం ఎవరికీ తెలియకూడదు’ అనే ప్రేమ ఆమెకు వింతగా అనిపించలేదు. సంగతి బయటపడ్డాక బైరన్ ఎజ్రా మీద మండిపడతాడు, ఆ కోపం న్యాయమైనదే, కానీ కూతురితో అబద్ధం మోయించిన మనిషి నోటి నుంచి వచ్చేసరికి ఆమె చెవికెక్కలేదు.

ప్ర: ఆ అమ్మాయిల్ని పేరు చెప్పకుండా సందేశాలతో బెదిరించే ‘ఏ’ జట్టులో టోబీ చేరి అంత మోసం చేశాక కూడా అతని ప్రియురాలు, ఆరియా స్నేహితురాలు స్పెన్సర్ ఎలా క్షమించింది? నేనైతే మొహం కూడా చూడను.

జ: నాకూ కష్టంగానే అనిపించింది. ‘నిన్ను కాపాడటానికే చేరాను’ అన్నది అతని వాదన, కానీ ఆమె ఆ దెబ్బకు కుప్పకూలి రాడ్లీ మానసిక ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది కదా, కాపాడటం అంటే అదేనా? అసలు ఈ సిరీస్‌లో అబ్బాయిలు చాలామంది ఏదో పని మీదే వస్తారు. కేలబ్ కూడా వీళ్ల స్నేహితురాలు హానా మీద నిఘా పెట్టమని, ఈ అమ్మాయిలంటే పడని జెన్నా పంపితే వచ్చినవాడే. తేడా ఏంటంటే అతను ఆ పని వదిలేశాడు, హానాకు ఉత్తరం రాశాడు, హానా స్నేహితురాలు మోనా దాన్ని చేరనివ్వలేదు గానీ. నాకు ఆ జంట మీదే నమ్మకం ఎక్కువ.

ఇక స్పెన్సర్ క్షమించడం గురించి. ఆమె పుట్టింటివాళ్లు హేస్టింగ్స్, ఆ ఇంట్లో గెలవడమే ముఖ్యం, నిజం ఎప్పుడూ వెనకే. పక్కింటి జేసన్, అంటే అలిసన్ అన్న, తన తండ్రి కొడుకేనని ఆమెకు తెలిసింది కూడా చాలా ఆలస్యంగా. ప్రేమించినవాళ్లు ముఖ్యమైన విషయాలు దాస్తారని అలవాటైపోయిన పిల్ల ఆమె. టోబీ ఆ వరసలో మొదటివాడు కాదు.

ప్ర: స్పెన్సర్‌కి అసలు తల్లి వెరోనికానా, మేరీ డ్రేకా? కన్ఫ్యూజ్ అయిపోయాను.

జ: కన్నది మేరీ డ్రేక్, అలిసన్ తల్లి జెస్సికాకు కవల సోదరి. పెంచింది వెరోనికా. చివరి ఎపిసోడ్‌లో స్పెన్సర్‌కీ అలెక్స్ అనే కవల ఉందనీ, చివర్లో ‘ఏ.డీ.’ అనే పేరుతో వీళ్లను ఆడించింది ఆమేననీ తేలుతుంది. నన్నడిగితే తల్లి వెరోనికానే. కాకపోతే ఆమె కూడా దాచింది.

ప్ర: ఇందులో ఒక్క మంచి తల్లి కూడా లేదా?

జ: ఉన్నారండీ. హానా తల్లి యాష్లీ మారిన్ చేసినవి చిన్న తప్పులేం కాదు, తను పనిచేసే బ్యాంకులో ఖాతాదారు డబ్బు కాజేసింది, హానా షాపులో చేసిన దొంగతనం కేసు కాకుండా ఉండటానికి డిటెక్టివ్ వైల్డెన్‌తో సంబంధం పెట్టుకుంది. అయినా తల్లీకూతుళ్లిద్దరూ ఒకరినొకరు వదల్లేదు, తండ్రి టామ్ వేరే కుటుంబం చూసుకున్నాక ఆ ఇల్లు నిలబడింది ఆమె వల్లే.

నాకు అంతకన్నా ఇష్టమైంది, ఈ స్నేహితురాళ్లలో ఇంకొకరైన ఎమిలీ తల్లి పామ్. కూతురు అమ్మాయిలను ఇష్టపడుతుందని తెలిసినప్పుడు ఆమె అస్సలు ఒప్పుకోలేదు, ఎమిలీని బాగా బాధపెట్టింది. మెల్లగా మారింది. ఎమిలీతో ఈత జట్టులో ఉన్న పెయిజ్ తండ్రి స్కూల్లో ఎమిలీ మీద గొడవకు వస్తే అందరి ముందూ కూతురి పక్కన నిలబడి గట్టిగా మాట్లాడింది. ఆ విషయం ఇంట్లో తెలిసిపోయాక దాన్ని పట్టుకుని ఎమిలీని బెదిరించడానికి ‘ఏ’కి ఏమీ మిగల్లేదు. బైరన్ ఇంట్లో మాత్రం భార్య ఎల్లాకు నిజం చేరింది ‘ఏ’ రాసిన ఉత్తరంతో. మొదటి సీజన్ మళ్లీ చూస్తే ఈ రెండిళ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి.