దిద్దిన ప్రూఫులకు డబ్బు రాలేదు సరే, తేదీలేవి?

ప్రశ్న: ఇంట్లో ఉండి చేసుకునే పని కోసం వెతుకుతుంటే ఒక ప్రచురణకర్త దగ్గర ప్రూఫులు దిద్దే పని దొరికింది. పేజీకి ఇంత అని ఫోన్లోనే మాట్లాడుకున్నాం. మొదటి పుస్తకానికి సక్రమంగా ఇచ్చారు. తర్వాతి మూడింటికి పైసా రాలేదు. ‘పుస్తకం అచ్చయ్యాక ఇస్తాం’ అనేవారు, ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. ఫోన్ మార్చాక పాత వాట్సాప్ సంభాషణలు కూడా పోయాయి. సుమారు మూడేళ్లవుతోంది. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని రాత్రిళ్లు చేసిన కష్టం ఇది. చీటింగ్ కేసు పెట్టవచ్చా? ఆఖరి పుస్తకం ఇంకా అచ్చు కాలేదు, ఫైలు నా దగ్గరే ఉంది. దాన్ని నెట్‌లో పెట్టేస్తే వాళ్లే దిగివస్తారని మా తమ్ముడు అంటున్నాడు.
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసిన నాలుగు పేజీల్లో పడిన మాటలున్నాయి, నిద్రలేని రాత్రులున్నాయి. తేదీ ఒక్కటీ లేదు. ‘సుమారు మూడేళ్లు’ అన్నారు. ఆ ‘సుమారు’ దగ్గరే బాకీ దావాలు పోతాయమ్మా.

చేసిన పని తాలూకు డబ్బు కోసం దావా వేయడానికి 1963 కాలపరిమితి చట్టం ఇచ్చేది మూడేళ్లు. ఎప్పుడు చెల్లించాలో ముందుగా అనుకోకపోతే, పని పూర్తయిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఒక్క రోజు దాటినా కాలదోషం పట్టినట్టే. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు అప్పీళ్లకు ఉంది గానీ దావాలకు లేదు. ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా, 3వ సెక్షన్ ప్రకారం కోర్టే దావాను కొట్టేయాలి. పైగా మీవి మూడు పుస్తకాలు, విడివిడిగా ఒప్పుకున్న మూడు పనులు. దేని గడువు దానిదే.

ఇప్పుడు అసలు విషయం. ‘అచ్చయ్యాక ఇస్తాం’ అన్నది పని ఒప్పుకునేటప్పుడు అనుకున్న మాటా, లేక డబ్బు అడిగినప్పుడు వాళ్లు చెప్పిన సాకా? ముందే అనుకున్నదైతే, మూడేళ్లు పుస్తకం అచ్చయినప్పటి నుంచి లెక్కకు వస్తాయి. పాత పుస్తకాల బాకీ ఇంకా బతికే ఉండవచ్చు. తర్వాత చెప్పిన సాకైతే గడువు మీరు ఫైలు పంపిన రోజే మొదలైంది. ఇందులో ఒక మెలిక ఉంది. అదే ఒప్పందమని మీరు వాదిస్తే, ఆఖరి పుస్తకం ఇంకా అచ్చు కాలేదు కాబట్టి డబ్బు ఇచ్చే వేళే రాలేదని వాళ్లంటారు. అందుకని నోటికొచ్చినట్టు నోటీసు ఇవ్వకండి. జరిగింది ఏదో అదే, మూడు పుస్తకాలకూ ఒకే తీరుగా చెప్పాలి.

ఫోన్ మార్చాక పాత వాట్సాప్ సంభాషణలు పోయాయని తాపీగా రాశారు. మూడు వందల పేజీల్లో ఎక్కడో ఎగిరిపోయిన దీర్ఘాన్ని పట్టుకోగలిగిన మనిషి, తన కూలి ఎంతో ఒక్క వాక్యం ఈమెయిల్ రాయించుకోలేకపోయారా? సరే, మిగిలినవి చూద్దాం. నోటి ఒప్పందం చెల్లుతుంది, నిరూపించడమే కష్టం. మొదటి పుస్తకానికి మీ ఖాతాలో పడిన మొత్తాన్ని ఆ పుస్తకం పేజీలతో భాగిస్తే రేటు తేలుతుంది. ఆ బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చుకోండి. ఫైళ్లు పంపిన ఈమెయిళ్లు పని అప్పగించిన తేదీని చెబుతాయి. అచ్చయిన రెండు పుస్తకాలూ కొనండి. ముద్రణ వివరాల పేజీలో ప్రథమ ముద్రణ నెల, సంవత్సరం ఉంటాయి, మీ పేరు కూడా ఉంటే ఇంకా మంచిది. ఈమెయిళ్లను కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, వాటిని ఏ కంప్యూటర్ నుంచి ఎలా తీశారో ధ్రువీకరించే సర్టిఫికెట్ కావాలి, ఉత్త స్క్రీన్‌షాట్ల ప్రింట్లు చాలవు. కాబట్టి ఉన్న కంప్యూటర్‌నైనా అమ్మేయకండి.

చీటింగ్ కేసు ఆశ వదులుకోండి. మోసగించే ఉద్దేశం మొదటినుంచీ ఉందని చూపాలి. మొదటి పుస్తకానికి డబ్బిచ్చారని మీరే అంటున్నారు, వాళ్లకు అంతకన్నా రక్షణ ఏం కావాలి? స్టేషన్ చుట్టూ తిరిగినన్నాళ్లూ దావా గడువు మీకోసం ఆగదు. లాయరు నోటీసు ఇచ్చినా ఆగదు. ఇది తెలియక నోటీసు కాపీని బీరువాలో దాచుకుని కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఇక మీ తమ్ముడి సలహా. ఆ పని మాత్రం చేయకండి. దిద్దినంత మాత్రాన రచన మీది కాదు. పైగా మీకు బాకీ ఉన్నది ప్రచురణకర్త, నష్టపోయేది ఏ పాపమూ తెలియని రచయిత. అచ్చు కాని రచనను అనుమతి లేకుండా నెట్‌లో పెడితే 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పెట్టేస్తానని బెదిరిస్తూ మెసేజ్ పంపినా, అది వాళ్ల చేతికి మీరిచ్చిన సాక్ష్యం అవుతుంది.

చేయదగ్గది చెబుతాను. మూడు పుస్తకాల పేర్లు, పేజీలు, అప్పగించిన తేదీలు, రావలసిన మొత్తం వేసి, బాకీ సరిచూసి జవాబివ్వమని మర్యాదగా ఒక ఈమెయిల్ పంపండి. బాకీ నిజమేనని గడువు లోపల రాతపూర్వకంగా ఒప్పుకుంటే కాలపరిమితి చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. ఈమెయిల్ ఒప్పుకోలును హైకోర్టులు అంగీకరించిన సందర్భాలున్నాయి, అయినా కాగితం మీద సంతకం దొరికితే వదలకండి. గడువు దాటిపోయిన పుస్తకానికి ఉత్త ఒప్పుకోలు చాలదు. ‘చెల్లిస్తాను’ అని రాసి సంతకం చేస్తేనే కాంట్రాక్టు చట్టం 25(3) ఆదుకుంటుంది.

ఖర్చుకు భయపడకండి. 1987 న్యాయసేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోండి. దావాకు ముందే లోక్ అదాలత్‌లో రాజీకి పిలిపించమని కూడా అడగవచ్చు. అయితే వీటన్నిటికన్నా ముందు, ఈ రాత్రే ఈమెయిల్ తెరిచి ఆఖరి ఫైలు పంపిన తేదీ చూడండి. మూడేళ్లకు నెల కూడా మిగలకపోతే ఉత్తరప్రత్యుత్తరాలు పక్కనపెట్టి నేరుగా దావా వేయించండి.