వరండాలో ప్లగ్గు సంగతి

బిడ్డా,

కరెంటు కారు బుక్ చేశావని మీ తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. మీ నాన్న ఓ పాత స్కూటర్ కొనడానికే పదేళ్లు కూడబెట్టాడు. నువ్వు నీ జీతంతో కారు కొంటున్నావంటే నా ఛాతీ ఉప్పొంగింది. ఆ వెంటనే వాడు, "వరండాలో 15 యాంప్స్ ప్లగ్గు ఉందిగా మామయ్యా, దానికే పెడుతుందట" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను. ముందు, కారు వస్తే కరెంటు బిల్లు ఎంత పెరుగుతుందని నువ్వు వాడితో అడిగించిన సంగతి.

మీ ఇంటికి ఇప్పుడు నెలకు 180 యూనిట్లు కాలుతున్నాయి. మన తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్లతో లెక్క వేశాను. 200 లోపు వాడితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. నీకు 724 రూపాయలు. 200 దాటావా, మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది. ఆ పైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు. 200 యూనిట్లకు 820 కట్టే ఇల్లు 201కి 1,027.70 కడుతుంది.

రోజుకు 40 చొప్పున పాతిక రోజులు, నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతావనుకో. ఛార్జింగ్‌లో వేడిగా పోయేది కలిపి 150 యూనిట్లు వేసుకో. మొత్తం 330, బిల్లు 2,060. కారు వల్ల పెరిగేది 1,336. ఫిక్స్‌డ్ చార్జీలూ కస్టమర్ చార్జీలూ వేరే. అదే దూరం పెట్రోలు కారులో ఇంతకంటే చాలా ఎక్కువవుతుంది, కాబట్టి బిల్లుకు భయపడకు. ఎండాకాలం ఏసీ తోడై 400 దాటితే ఆ పైవి 9.50. కారు ఛార్జింగ్‌కు విడిగా మీటరు పెట్టించుకుంటే ఆ రేట్లలో యూనిట్ 6 రూపాయలే, కరెంటు సెక్షన్ ఆఫీసుకు వెళ్లి మిగతా చార్జీలు అడిగి చూడు. కింద అద్దెకున్నవాళ్ల మీటరు నుంచి మాత్రం ఒక్కరోజు కూడా వైరు లాగకు. వాళ్లది గృహజ్యోతి జీరో బిల్లు, 200 యూనిట్ల దాకా సర్కారే కడుతుంది. 200 దాటిందంటే ఆ నెల మొత్తం వాళ్ల నెత్తిన పడుతుంది.

ఇక ఆ ప్లగ్గు. అది పెట్టింది నేనే.

మీ అమ్మ చెప్పే ఎలుక కథ గుర్తుందా? 1998 మే నెలలో ఎలుక వైరు కొరికి గదిలో మంట లేచిందని? ఎలుక లేదు బిడ్డా. ఆ ఏడు మీ నాన్న ఏసీ కొన్నాడు, మీ వీధిలో మొదటిది. మీటరు బోర్డు నుంచి విడిగా 4 ఎంఎం వైరు లాగాలని నాకు తెలుసు. మర్నాడు పెళ్లి పందిరి పని ఒప్పుకుని ఉన్నాను. తొందరలో ప్లగ్గులకున్న సన్న వైరుకే జాయింటు మెలిపెట్టి, టేపు చుట్టి, "ఏం కాదు బావా" అని వెళ్లిపోయాను.

పన్నెండో రాత్రి మీ అమ్మకు వాసన వచ్చి మెలకువైంది. లైటు వేస్తే బోర్డు చుట్టూ సున్నం నల్లబడి ఉంది, కర్టెన్ అంచు అంటుకుంది. ఫ్యూజు పోలేదు. అది ఎందుకు పోలేదో నీకు తెలియాలి. వదులు జాయింటు కరెంటు ఎక్కువ లాగదు, ఉన్నచోటే కాలుతుంది. ఫ్యూజుకైనా, కరెంటు ఎక్కువైతే తనంతట పడిపోయే ఇప్పటి ఎంసీబీ స్విచ్చికైనా అది తెలియదు. తెల్లారి నేను బోర్డు విప్పితే టేపు కరిగిన బెల్లంలా చేతికి అంటుకుంది.

ఆ గదిలో నేల మీద పడుకున్నది నువ్వు. నాలుగేళ్లు నీకు. మీ అమ్మ నిన్ను దుప్పటితో సహా ఎత్తుకుని బయటికి పరిగెత్తింది. నన్ను ఒక్క మాట అనలేదు. మీ నాన్నతో ఎలుక అని చెప్పింది. ఆమె పోయాక ఈ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను.

గదిలో వైరు అప్పుడే మార్చాను. వరండా ప్లగ్గు ఆ పాత లైను మీదే ఉండిపోయింది. ఇన్నేళ్లూ ఇస్త్రీ పెట్టెకు వాడారు, సరిపోయింది. కారు అలా కాదు. ఏసీ కంప్రెసర్ మధ్యమధ్యలో ఆగుతుంది, వైరు చల్లారుతుంది. కారు 3 కిలోవాట్లకు పైగా రాత్రంతా ఆగకుండా లాగుతుంది. అందరూ నిద్రపోయే వేళ.

అందుకే నా మాట విను. మీటరు దగ్గర్నుంచి కారుకు విడి లైను, మధ్యలో ఒక్క జాయింటు ఉండకూడదు. దానికి విడి ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే ఆర్‌సీసీబీ. ఎర్తింగు కొత్తగా తీయించాలి, అది సరిగా లేకపోతే కొన్ని ఛార్జర్లు పనే చేయవు. 7 కిలోవాట్ల పెద్ద ఛార్జర్ ఇస్తామంటే కరెంటు ఆఫీసులో ఇంటికి మంజూరైన లోడు పెంచుకోకుండా ఒప్పుకోకు. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇంటి ఛాయలకే రానీయకు. మొదటి వారం గంటకోసారి ప్లగ్గు మీద చెయ్యి వేసి చూడు. పట్టుకోలేనంత వేడెక్కితే వెంటనే ఆపెయ్.

శనివారం గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వస్తున్నాను. ఎవరినో పిలిచి చేయించుకుంటానని అనకు. నా కళ్లు మసకబారాయి గానీ స్క్రూ బిగిసిందో లేదో చేతికి తెలుస్తుంది. ఈలోపే కారు వస్తే, నేను వచ్చేదాకా బయటే ఛార్జ్ చేయించుకో, రెండు రూపాయలు ఎక్కువైనా సరే. ఆ ప్లగ్గుకు ఇవాళే టేపు అంటించి, పిల్లవాడికి కూడా చెప్పు.

4 ఎంఎం రాగి వైరు ఒక చుట్ట కొని ఉంచు. డబ్బు నేనిస్తాను.

మీ మామయ్య