మిగులు సౌర విద్యుత్తును నిల్వ చేయడానికి హైబ్రిడ్ ఇన్వర్టర్ అవసరమా?

ఇంటిపై సోలార్ ప్యానెళ్లున్నా సరఫరా పోగానే సాధారణ ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (గ్రిడ్‌కు, అంటే విద్యుత్ సంస్థ లైన్లకు కలిపి నడిచేది) కూడా ఆగిపోతుంది. తీగలపై పనిచేసే లైన్‌మన్ ప్రాణరక్షణకు అది తప్పనిసరి. హైబ్రిడ్ ఇన్వర్టర్ మాత్రం ఇంటి వాడకం పోను మిగిలిన విద్యుత్తుతో ముందు బ్యాటరీని నింపి, ఆపైనే గ్రిడ్‌కు పంపుతుంది. సరఫరా ఆగితే ఇంటిని గ్రిడ్ నుంచి విడదీసి, ఎంపిక చేసిన లైట్లను, ఫ్యాన్లను, ఫ్రిజ్‌ను నడిపిస్తుంది. 3 కిలోవాట్ల ప్యానెళ్లు మంచి ఎండలో రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తాయి కనుక, రాత్రంతా ఏసీ నడపని ఇంటికి 5 యూనిట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సాధారణంగా సరిపోతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ చవకే గానీ, తరచూ సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. నెట్ మీటరింగ్ (గ్రిడ్‌కు పంపిన యూనిట్లను బిల్లులో తగ్గించే పద్ధతి) ఉండి, కోతలు అరుదైన చోట బ్యాటరీ ఖర్చు తిరిగి రావడం కష్టమేనని నా అభిప్రాయం. ఇంటి సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ రాయితీని కూడా ప్యానెళ్లు, ఇన్వర్టర్ సామర్థ్యాల్లో తక్కువ దాన్ని బట్టే లెక్కిస్తారు, బ్యాటరీని బట్టి కాదు.