యుక్రెయిన్‌లో యుద్ధమైతే వరంగల్‌లో గోధుమ పిండి ఎందుకు పిరమైంది?

మనమే గోధుమలు పండిస్తాం కదా, 2022 యుద్ధానికి ఇక్కడ రేటెందుకు పెరిగింది, అసలు మన దేశం ఏటా ఎంత దిగుమతి చేసుకోవాలి అని అడిగారు.

రెండోదానికి జవాబు చిన్నది. మామూలు ఏడాదిలో దిగుమతి అక్కర లేదు. మన పంట పది కోట్ల టన్నులు దాటుతుంది. పైగా 2019 నుంచి దిగుమతి సుంకం 40 శాతం, మిల్లులవాళ్లు తెప్పించినా గిట్టదు. 2016 డిసెంబర్‌లో సుంకం ఎత్తేస్తే మాత్రం లక్షల టన్నులు దిగాయి. ఈజిప్టు సంగతి వేరు, వాళ్ల రొట్టెకు సగానికి పైగా గోధుమ బయటి నుంచే రావాలి.

ఇక రేటు. హన్మకొండలో మాకు పిండి గిర్ని ఉంది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి, మక్కలు ఎంతైనా వస్తాయి గానీ గోధుమ మన దిక్కు పండేది చాలా తక్కువ. మేం అమ్మేది మధ్యప్రదేశ్ నుంచి వచ్చే లోక్‌వన్ రకం గోధుమ. యుద్ధంతో యుక్రెయిన్ గోధుమలు ఓడలెక్కే నల్లసముద్రం రేవులు ఆగిపోయేసరికి కొనే దేశాలన్నీ మనవైపు తిరిగాయి. ఎగుమతి వ్యాపారులు క్వింటాలుకు 2015 రూపాయల మద్దతు ధర కన్నా ఎక్కువిచ్చి కొన్నారు, రైతు సర్కారు కొనుగోలు కేంద్రానికి ఎందుకు పోతాడు?

అదే మార్చిలో ఎండలు మండి గింజ పాలు పోసుకునేటప్పుడే ఎండిపోయింది. ఆ ఎండాకాలం వచ్చిన బస్తాల్లో గింజ సన్నగా, ముడతలు పడి ఉండేది. ఇంటికెళ్లి జల్లెడ పడితే పొట్టే ఎక్కువొచ్చిందని ఆడవాళ్లు మాతో కొట్లాడేవాళ్లు. గిర్ని రాయి ఏం చేస్తుంది పాపం!

అంతకుముందు ఏడాది 433 లక్షల టన్నులు కొన్న సర్కారుకు ఈసారి దొరికింది 188 లక్షలే. ఏప్రిల్‌లో ప్రపంచానికే తిండి పెడతామన్నారు, మే 13న ఎగుమతులు ఆపేశారు. అయినా రేటు దిగలేదు, గోదాముల్లో సరుకు తగ్గిందని వ్యాపారులందరికీ తెలుసు మరి. 2023 జనవరిలో ఎఫ్‌సీఐ (సర్కారు తరఫున ధాన్యం కొని నిల్వ చేసే భారత ఆహార సంస్థ) 30 లక్షల టన్నులు బహిరంగ మార్కెట్‌లో అమ్ముతామని చెప్పాకే కొంచెం మెత్తబడింది.

అందుకే నేనైతే యుద్ధం వార్తల కన్నా ఏప్రిల్, మే నెలల్లో ఎఫ్‌సీఐ ఎంత కొన్నదో చూస్తా. ఏడాదికి సరిపడా గోధుమలు పోసుకునేవాళ్లు కొత్త సరుకు దిగే ఆ రోజుల్లోనే కొనండి. కొనేముందు నాలుగు గింజలు కొరికి చూడండి. టక్కున విరిగితే ఆరిన సరుకు, పంటికి అతుక్కుంటే ఇంకా తడి ఉన్నట్టే, పురుగు పడుతుంది.